ఈవాన్ బోలాండ్‌ను ‘గృహజీవన కవయిత్రి’ అనడం ఇక చాలు

ఐర్లండ్ కవిత్వం గురించి మన దగ్గర ఎప్పుడు మాట వచ్చినా యేట్స్ తరువాత నేరుగా సీమస్ హీనీ దగ్గరికి వెళ్లిపోవడం అలవాటు. ఎవరైనా ఈవాన్ బోలాండ్ పేరు ఎత్తినా, ఇల్లు, పిల్లలు, వంటగది కవిత్వంలోకి తెచ్చిన మనిషి అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఆ వాక్యాన్ని మెచ్చుకోలుగా వాడేవారు ఉన్నారు, చిన్నచూపుతో వాడేవారూ ఉన్నారు. ఇద్దరూ ఆమెకు చేస్తున్న అన్యాయం మాత్రం ఒక్కటే. ఒక దేశ చరిత్రను ఎవరు చెప్పాలి, అందులో ఎవరికి చోటు దక్కింది, ఎవరిని వదిలేశారు అన్న ప్రశ్నను బోలాండ్ అంత పట్టుదలగా, అంత సుదీర్ఘకాలం అడిగిన ఐరిష్ కవి ఆమె తరంలో మరొకరు లేరని నా గట్టి నమ్మకం. ఇల్లు ఆ ప్రశ్న వేయడానికి ఆమె ఎంచుకున్న చోటు.

ఆమె 1944 సెప్టెంబరు 24న డబ్లిన్‌లో పుట్టారు. తల్లి ఫ్రాన్సిస్ కెల్లీ చిత్రకారిణి. తండ్రి ఫ్రెడరిక్ బోలాండ్ దౌత్యవేత్త. 1960లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభకు అధ్యక్షుడిగా ఉండి, సోవియట్ నేత కృశ్చేవ్ రేపిన గొడవలో సభను అదుపు చేయబోయి చేతిలోని సుత్తిని విరగ్గొట్టుకున్న మనిషి. తండ్రి ఉద్యోగం వల్ల ఈవాన్ బాల్యం 1950 నుంచి లండన్‌లో, ఆ తరువాత న్యూయార్క్‌లో గడిచింది. యుద్ధానంతర లండన్‌లో ఐరిష్ వారిపట్ల ఉన్న చులకన ఆమెకు తరగతి గదిలోనే తెలిసింది. నువ్విప్పుడు ఐర్లండ్‌లో లేవని టీచరు తన మాటతీరును సరిదిద్దిన సంఘటనను ఆమె చాలా ఏళ్ల తరువాత కవితగా రాశారు. సొంత దేశం అనేది పుట్టుకతో చేతికి రాని, వెతుక్కోవలసిన వస్తువు అయిన పిల్ల ఆమె. కౌమారంలో డబ్లిన్‌కు తిరిగి వచ్చేసరికి, తోటివారికి సహజంగా అబ్బిన జ్ఞాపకాలూ యాసా ఊరి దారులూ ఆమెకు లేవు. ఆ లోటు తెలియకపోతే ఆమె కవిత్వంలో చరిత్ర పట్ల కనిపించే తపన అర్థం కాదు.

డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో చదువుతుండగానే 1962లో ఒక చిన్న కవితా సంపుటి, చదువు ముగిశాక 1967లో ‘న్యూ టెరిటరీ’ వచ్చాయి. ఛందస్సు మీద పట్టు, పురాణ ప్రస్తావనలు, యేట్స్ ప్రభావం అన్నీ ఉన్న ఆ పుస్తకాన్ని చదివితే, ఈ అమ్మాయి అదే దారిలో నడిచి ఉంటే డబ్లిన్ సాహిత్య బృందాల్లో గౌరవంగా, సుఖంగా స్థిరపడి ఉండేదని ఎవరికైనా అనిపిస్తుంది. ఆమె ఆ దారి వదిలేశారు. 1969లో నవలాకారుడు కెవిన్ కేసీని పెళ్లి చేసుకుని, నగరం దక్షిణ శివారులో, డబ్లిన్ కొండల పాదాల దగ్గర కొత్తగా ఇళ్లు లేస్తున్న డండ్రమ్‌కు వెళ్లారు. ఇద్దరు ఆడపిల్లలను పెంచారు.

ఈ శివారు జీవితాన్ని విరామంలాగా, సాహిత్యం నుంచి తప్పుకున్న కాలంలాగా రాసేవారంటే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే నిజానికి ఆమె కవిత్వం మొదలైంది అక్కడే. ఆ ఇల్లు ఎలాంటి దేశంలో ఉందో చూడండి. 1937 నాటి ఐర్లండ్ రాజ్యాంగం 41.2 అధికరణంలో, స్త్రీ ఇంటిలో గడిపే జీవితం వల్లనే రాజ్యానికి ఉమ్మడి మేలు సాధ్యమయ్యే మద్దతు దొరుకుతోందని రాసి ఉంది. ప్రభుత్వోద్యోగంలో ఉన్న స్త్రీ పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదులుకోవాలన్న నిబంధన 1973 దాకా అమల్లో ఉంది. విడాకులకు దారి 1995 నాటి ప్రజాభిప్రాయ సేకరణతో గానీ తెరుచుకోలేదు. అటువంటి దేశంలో ఇల్లు చట్టం గీసిన సరిహద్దు. ఆ సరిహద్దు లోపల నిలబడి రాత్రి పసిపిల్లకు పాలు పట్టే వేళను కవితగా రాయడం రాజకీయం కాదని ఎవరైనా అంటే, వారు రాజకీయం అనే మాటకు పార్లమెంటు గోడల మధ్య జరిగేది అని మాత్రమే అర్థం చెప్పుకుంటున్నారు. విమల ‘వంటిల్లు’ కవితను, దాని చుట్టూ రేగిన చర్చను ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ సంగతి నేను విడమరచి చెప్పనవసరం లేదు.

1975 నాటి ‘ది వార్ హార్స్’ కవితలో ఎనిస్కెరీ రోడ్డు వైపున్న సంచారుల గుడారాల నుంచి తప్పించుకున్న గుర్రం ఒకటి శివారు వీధిలోకి వస్తుంది. కంచెలో ఓ ఆకు, పాదులో ఓ పువ్వు తొక్కి వెళ్లిపోతుంది. ఇంతకంటే ఏమీ జరగదు. పెద్ద నష్టం లేదు కదా అని ఊపిరి పీల్చుకునే ఆ ఇంటి మనిషి మనసులో ఉత్తర ఐర్లండ్ హింస, దాన్ని దూరం నుంచి చూస్తూ మనకేమీ కాలేదులే అనుకునే దక్షిణాది సుఖం, పాత తిరుగుబాట్ల జ్ఞాపకం ఒకదాని వెంట ఒకటి కదులుతాయి. 1974 మే 17న డబ్లిన్, మొనాహన్ పట్టణాల్లో కారు బాంబులు పేలి 33 మంది చనిపోయినప్పుడు, ఆమె ఒక చనిపోయిన బిడ్డను ఉద్దేశించి జోలపాట లాంటి కవిత రాశారు. ఆ బిడ్డకు జోలపాడవలసిన పెద్దలే బిడ్డ మరణం నుంచి కొత్త భాష నేర్చుకోవలసి వచ్చిందన్న బాధ అందులో ఉంది. ఆ తరువాత 1980లో వచ్చిన ‘ఇన్ హర్ ఓన్ ఇమేజ్’లో తిండి మానేసి కృశించే దేహం, భర్త చేతి దెబ్బలు, రొమ్ము తొలగించే శస్త్రచికిత్స, నెలసరి కవితా వస్తువులయ్యాయి. దాన్ని ప్రచురించింది ఆర్లెన్ హౌస్ అనే స్త్రీల ప్రచురణ సంస్థ. ఆ సంస్థను నిలబెట్టడంలో ఆమె కూడా పాలుపంచుకున్నారు. ఊరూరా స్త్రీల కవితా శిబిరాలు నడిపారు. కవి అనే పేరు తమకు కూడా వర్తిస్తుందని నమ్మలేని స్త్రీలను ఆ శిబిరాల్లో కలుసుకున్నానని ఆమె తరచూ చెప్పేవారు.

ఇక అసలు విషయానికి వస్తాను. 1845 నుంచి 1852 వరకు బంగాళదుంప పంట తెగులుతో నాశనమై ఐర్లండ్‌లో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మందికి పైగా దేశం విడిచి వెళ్లారు. ఈ కరువు మీద ఉపన్యాసాలకూ పాటలకూ కొదవ లేదు. వాటిలో చాలావాటికి ఐర్లండ్ అంటే ఏడ్చే తల్లి, నలిగిన రాణి, కొడుకులను త్యాగానికి పిలిచే ముసలమ్మ. కరువులో నిజంగా చనిపోయిన స్త్రీకి మాత్రం ఆ పాటల్లో పేరు లేదు, ఆకలి లేదు, కాళ్లు లేవు. దేశానికి బొమ్మగా స్త్రీని నిలబెట్టే కవిత్వం, అదే స్త్రీ కలం పట్టుకుంటే ఎందుకు బిత్తరపోతుందన్నది 1989లో బోలాండ్ ప్రచురించిన ‘ఎ కైండ్ ఆఫ్ స్కార్’ అనే చిన్న పుస్తకంలోని ప్రశ్న. నాకు తెలిసిన సాహిత్య వ్యాసాల్లో ఇంత తక్కువ పేజీల్లో ఇంత పని చేసినవి అరుదు.

ఆ ప్రశ్నకు ఆమె కవిత్వంలో ఇచ్చిన సమాధానాలు ఇంకా గొప్పవి. 1994 నాటి సంపుటిలో పటాల శాస్త్రం గురించిన కవిత ఒకటుంది. కరువు రోజుల్లో సహాయ సంఘాలు ఆకలితో ఉన్నవారి చేత, తిండికి బదులుగా, ఎక్కడికీ చేరని రోడ్లు వేయించాయి. పని చేస్తూ మనుషులు ఎక్కడ కూలిపోతే రోడ్డు అక్కడ ఆగిపోయింది. కవితలోని జంట పశ్చిమ ఐర్లండ్‌లోని కానాక్ట్ ప్రాంతపు అంచున ఒక అడవిలోకి వెళతారు, అక్కడ గడ్డిలో మునిగిన అలాంటి రోడ్డును భర్త చూపిస్తాడు. ఆ తరువాత ఆమె ఎప్పుడు దేశ పటాన్ని చేతిలోకి తీసుకున్నా, నేల గుండ్రదనాన్ని చదునైన కాగితం మీదికి తెచ్చిన నేర్పును మెచ్చుకోవడానికి కాదు, ఆ గీత అందులో ఉండదని మళ్లీ ఒకసారి తెలుసుకోవడానికి తీసుకుంటానంటారు. పటం అబద్ధం చెప్పలేదు, కొలతల్లో తప్పు లేదు, అయినా మనుషులు చనిపోయిన చోటు అందులో లేదు. అధికారిక చరిత్ర మీద ఇంత నెమ్మదిగా, ఇంత ఖచ్చితంగా వేసిన అభియోగాన్ని నేను మరో కవితలో చదవలేదు.

2001లో వచ్చిన ‘క్వారంటైన్’ ఇరవై పంక్తుల కవిత. 1847 చలికాలంలో ఒక మనిషి వర్క్‌హౌస్ అనే పేదల ఆశ్రయశాల నుంచి భార్యతో ఉత్తరానికి నడుస్తాడు. ఆమె కరువు జ్వరంతో నడవలేకపోతే వీపు మీద మోస్తాడు. తెల్లవారేసరికి ఇద్దరూ చనిపోయి ఉంటారు. ఆమె పాదాలు అతని రొమ్ము ఎముకకు ఆనించి ఉంటాయి, తన ఒంట్లో మిగిలిన చివరి వేడిని అతను ఆమెకు ఇచ్చాడు. ఇక్కడితో ఆగిపోయి ఉంటే అది కన్నీరు తెప్పించే కవిత మాత్రమే అయ్యేది. బోలాండ్ ఆగలేదు. ఏ ప్రేమ కవితా ఈ గడప దాకా రాకూడదని, వలపు పొగడ్తలకు ఇక్కడ చోటు లేదని, ఇక్కడ ఉన్నది వారి చావు లెక్క, బతికిన తీరు, ఒక స్త్రీకీ పురుషుడికీ మధ్య ఉండేది ఏ చీకటిలో రుజువవుతుందన్నది మాత్రమేనని తేల్చి చెప్పారు. ప్రేమ కవిత్వ సంప్రదాయాన్నంతా ఒక చిన్న పాదాల జత ముందు నిలదీసిన కవిత అది. 2015లో ఐర్లండ్ జాతీయ ప్రసార సంస్థ ప్రజలకు ఇష్టమైన కవిత కోసం నిర్వహించిన ఎంపికలో అది తుది జాబితాకు చేరడం నాకేమీ ఆశ్చర్యం కలిగించలేదు.

1991లో ‘ఫీల్డ్ డే’ అనే ఐరిష్ రచయితల బృందం సీమస్ డీన్ ప్రధాన సంపాదకుడిగా ఐరిష్ రచనల సంకలనాన్ని మూడు భారీ సంపుటాలుగా తెచ్చింది. వేల పేజీలు, దాదాపు పదిహేను శతాబ్దాల రచన, సంపాదకులంతా పురుషులే. స్త్రీల రచనలకు దక్కిన చోటు చూసి దేశమంతా విస్తుపోయింది. బోలాండ్‌కు అందులో చోటు ఉంది, కాబట్టి మౌనంగా ఉంటే ఆమెకు పోయేది ఏమీ లేదు. అయినా చోటు దక్కనివారి తరఫున ఆమె బహిరంగంగా, తీవ్రంగా మాట్లాడారు. ఆ నిరసనల ఫలితంగా 2002లో స్త్రీల రచనలకే మరో రెండు సంపుటాలు, 3000 పేజీలకు పైగా వచ్చాయి. అన్ని పేజీల రచన పదేళ్ల ముందు ఎవరి కంటికీ కనబడలేదంటే నేను నమ్మను. చూడాలన్న ఆలోచన రాలేదు, అంతే.

ఆమె మీద వచ్చిన విమర్శల్లో పట్టించుకోదగినవి రెండున్నాయి. దేశం అనే భావననే ప్రశ్నించకుండా అందులో స్త్రీకి చోటు అడగడం చాలదని బెల్‌ఫాస్ట్ విమర్శకురాలు ఎడ్నా లాంగ్లీ 1990లో వాదించారు. ఈ విమర్శలో బలం ఉంది. బోలాండ్ ఐర్లండ్ అనే భావాన్ని చివరిదాకా వదలలేకపోయారు. పరాయి తరగతి గదిలో కూర్చున్న పిల్ల దాన్ని వదలగలదని నేను అనుకోను. రెండోది, సంపన్న దౌత్యవేత్త కూతురు పేద స్త్రీల తరఫున ఎలా మాట్లాడుతుందన్నది. దీనికి జవాబు ఐర్లండ్ పశ్చిమ తీరంలోని అకిల్ ద్వీపం మీద ఆమె రాసిన కవితలోనే ఉంది. విద్యార్థినిగా ఆ ద్వీపంలో చదువుకోవడానికి వెళ్లిన ఆమెకు, కొండ మీదికి నీళ్లు మోసుకొచ్చిన ఒక స్త్రీ పరిచయమవుతుంది. ఆ స్త్రీ వెళ్లిపోయాక, చలికి లోపలికి వచ్చి, మంట వేసుకుని, ఆస్థాన కవుల పుస్తకం తెరిచి, ఆ లయల వెనక ఉన్న దాస్యాన్ని గ్రహించలేకపోయానని బోలాండ్ తన మీద తానే తీర్పు చెప్పుకున్నారు. నాకున్న ఫిర్యాదు వేరు. చివరి దశ కవితల్లో పొట్టి, తెగిన వాక్యాలు అలవాటుగా మారి, కవిత తన అర్థాన్ని తానే వివరించుకోవడం మొదలుపెట్టింది. ఆ బలహీనత నిజం, దాచనవసరం లేదు.

1996 నుంచి ఆమె అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సృజనాత్మక రచనా విభాగాన్ని నడిపారు. 2020 ఏప్రిల్ 27న డబ్లిన్‌లో, 75 ఏళ్ల వయసులో, పక్షవాతంతో మరణించారు. అదే ఏడాది వచ్చిన చివరి సంపుటి ‘ది హిస్టోరియన్స్’కు కోస్టా కవితా పురస్కారం దక్కింది. ఆ సంపుటిలో ‘ఎవిక్షన్’ అనే కవిత ఉంది. అద్దె బాకీ కేసులో ఆమె అమ్మమ్మ ద్రోహెడా కోర్టుకు వెళుతుంది, వకీళ్లు నవ్వుకుంటారు, పత్రికలో ఒక కాలమ్ నిండుతుంది, కేసు కొట్టేస్తారు, ఆమె ఏడుస్తూ బయటికి వస్తుంది. సరిగ్గా ఆ కాలంలోనే ఒక జాతి వెలుగులోకి లేస్తోంది. చరిత్ర రెండోదాన్ని రాసుకుంది, మొదటిదాన్ని వదిలేసింది. ఇల్లు అనేది ఈ కవయిత్రికి ఏమిటో ఇంకా సందేహం ఉన్నవారు ముందు ఈ కవిత చదవాలి.

2024 అక్టోబరులో ట్రినిటీ కాలేజీ తన ప్రధాన గ్రంథాలయానికి బోలాండ్ పేరు పెడుతున్నట్టు ప్రకటించింది. బానిసలను కలిగి ఉన్న తత్త్వవేత్త జార్జ్ బర్కిలీ పేరును తీసేసిన భవనం అది. ఆమె ‘న్యూ టెరిటరీ’ వచ్చిన 1967లోనే తెరిచినది. ఆ ఆవరణలో ఒక స్త్రీ పేరు పెట్టిన మొదటి భవనం ఇదే. నాకు నిజంగా సంతోషం కలిగింది. అయితే అదే ఏడాది మార్చిలో, 41.2 అధికరణాన్ని మార్చే సవరణను ఐర్లండ్ ఓటర్లు దాదాపు 74 శాతం మెజారిటీతో తిరస్కరించారు. కొత్తగా ప్రతిపాదించిన వాక్యం సంరక్షణ చేసేవారి హక్కులకూ వికలాంగుల హక్కులకూ చాలినంత హామీ ఇవ్వలేదన్న అభ్యంతరం వారిలో చాలామందికి ఉంది కాబట్టి, ఆ ఓటును వెనకబాటుతనం అని కొట్టిపారేయలేను. కానీ ఫలితం మాత్రం ఇది: బోలాండ్ డండ్రమ్‌లో కాపురం పెట్టిన నాడు స్త్రీ చోటు గురించి ఆ రాజ్యాంగంలో ఏ వాక్యం ఉందో, ఆమె పేరు గ్రంథాలయం మీదికి ఎక్కిన నాడూ అదే వాక్యం ఉంది.