చీటీ మీద రాసిన మాట

కర్నూలులో ఏ మానసిక వైద్యుడి గది ముందైనా కాసేపు నిలబడండి. బయటికొచ్చే మనిషి ఓపీ చీటీని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకుంటాడు. జ్వరం చీటీనైతే చేతిలోనే పట్టుకుపోయేవాడు. ఊళ్లో ఎవరైనా అడిగితే 'నరాల డాక్టరుకు చూపించుకొచ్చినా' అంటాడు. చీటీ మీద ఇంగ్లీషులో ఏముందో చాలాసార్లు అతనికే తెలియదు. మందుల షాపు కుర్రాడో, ఫోన్‌లో వెతికిన మేనల్లుడో చెబితే తెలుస్తుంది. మా అభ్యంతరం ఇక్కడే. స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం లాంటి లక్షణాలుండే మానసిక జబ్బు) అన్న మాట అలా చేతులు మారి ఆదోని చేరేసరికి 'పిచ్చి' అయిపోతుంది.

జబ్బుకు పేరు పెట్టొద్దని మేం అనడం లేదు. పేరు తెలియనంత కాలం గాలి సోకిందని తాయెత్తులు కట్టించిన ఇళ్లు మన చుట్టూ ఎన్ని లేవు! 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక జబ్బును కూడా వైకల్యంగా గుర్తించింది. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం పడితే నెలకు 6 వేల పింఛను. కొడుకు పింఛను కోసం ఆ కాగితం పట్టుకుని క్యూలో నిలబడ్డ తండ్రే, కూతురి పెళ్లిచూపుల నాడు దాన్ని బీరువాలో బట్టల అడుగున పెడతాడు. ఆయన్ను తప్పుపట్టలేం.

గతంలో చికిత్స తీసుకున్నంత మాత్రాన ఇప్పుడూ రోగి అని తేల్చకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఆ సంగతి పెళ్లిళ్ల పేరయ్యకు ఎవరు చెప్పాలి?

డిప్రెషన్ కథ ఇంకో తీరు. పరీక్ష పోయిన పిల్లాడూ అదే అంటున్నాడు. వేరుశనగ ఎండిపోయి, అప్పులవాళ్లు గడప తొక్కుతుంటే నిద్రపట్టని అనంతపురం రైతు చీటీ మీదా అదే మాట. మాత్ర రాయాల్సిందే. ఆ అప్పు సంగతి మాత్రం చీటీకి ఎక్కదు.

జపాన్‌లో స్కిజోఫ్రీనియాకు 'మనసు చీలిన జబ్బు' అనే అర్థం వచ్చే పేరుండేది. రోగుల కుటుంబాలు పట్టుబడితే 2002లో అక్కడి వైద్యులు దాన్ని మార్చారు. ఆ తర్వాత రోగికి నేరుగా జబ్బు పేరు చెప్పే డాక్టర్లు పెరిగారు. మనం అంత దూరం పోనక్కర్లేదు. చీటీ వెనకవైపు ఎలాగూ ఖాళీగానే ఉంటుంది. అక్కడ తెలుగులో నాలుగు ముక్కలు రాయొచ్చు: జబ్బు ఏమిటి, మందు ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఏమవుతుంది, మళ్లీ పనిలోకి ఎప్పుడు పోవచ్చు.