రివ్యూ నిజమే, కానీ ఎవరి గదిలో?

(బరంపురంలో ఒక చిన్న డీటీపీ షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు, తెలుగులోనూ ఒడియాలోనూ పని. పాత కంప్యూటర్ మూలపడింది, అరవై వేల లోపు ల్యాప్‌టాప్ కొనాలి. షాపు యజమాని కూతురు శైలజ రోజూ రివ్యూలు చదువుతోంది. ఆమె మేనమామ సత్యం అదే వీధిలో ల్యాప్‌టాప్‌లు రిపేరు చేస్తాడు. ఈ రివ్యూలు మనకి పనికొస్తాయా అన్నదే తగవు. వస్తాయని ఆమె, రావని ఆయన.)

సత్యం: ముందే చెప్తున్నాను శైలూ, నువ్వు చూసే వీడియోల్లో ఒక్కటీ ఈ ఊళ్లో తీసింది కాదు. ఏసీ గది, తెల్లటి లైట్లు, కంపెనీ పంపిన మెషీన్, నాలుగు రోజులు వాడి వెనక్కి పంపేయడం. దాన్ని నమ్మి బావ డబ్బు పెట్టాలా?

శైలజ: కంపెనీ పంపితే అబద్ధమే చెప్తారా మావయ్యా? 2018 జులై సంగతి విను. యాపిల్ వాళ్లు ఐ9 ప్రాసెసర్‌తో కొత్త మ్యాక్‌బుక్ ప్రో తెచ్చారు. డేవ్ లీ అనే యూట్యూబర్ అందులో ఒక వీడియో రెండర్ చేయించాడు, అంటే ఎడిట్ చేసినదాన్ని పూర్తి ఫైలుగా తయారుచేయించాడు. ముందటేడు వచ్చిన ఐ7 మోడల్ కంటే కొత్తది వెనకబడింది. వేడెక్కిపోయి తన వేగం తానే తగ్గించుకుంటోంది. అదే మెషీన్‌ని ఫ్రీజర్‌లో పెట్టి అదే పని చేయిస్తే చాలా ముందే ముగించేసింది. ఆ వీడియో వచ్చిన సుమారు వారానికి యాపిల్ లోపం ఒప్పుకుని అప్‌డేట్ ఇచ్చింది. కొన్నవాళ్లందరికీ ఆ రివ్యూ మేలు చేసిందా లేదా?

సత్యం: చేసింది. కానీ నా మాట కూడా నువ్వే చెప్పేశావు. ఫ్రీజర్‌లో పరుగెత్తింది, బయట కుంటింది. అంటే చుట్టూ ఉన్న వేడిని బట్టే కదా? వాళ్ల గదిలో 22, మహా అయితే 24 డిగ్రీలు. మన షాపు రేకుల కప్పు కింద మే నెలలో ఒకసారి కూర్చో. గదిలో ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ దగ్గరా దాదాపు అన్నీ పెరుగుతాయి. అక్కడ 88 దగ్గర ఆగింది ఇక్కడ నూరుకి పోతుంది. నూరు దగ్గర ఇంటెల్ చిప్పులు చాలావరకు వేగం తగ్గించేసుకుంటాయి. మరి ఆ ఏసీ గది అంకె నాకెందుకు?

శైలజ: అందుకే గది ఉష్ణోగ్రత రాసే రివ్యూలే చదువుతున్నాను. నోట్‌బుక్‌చెక్ అని ఒకటుంది, గదిలో ఎన్ని డిగ్రీలో కూడా రాస్తుంది. వాళ్లది 22, మనది 36 అనుకో, 14 కలుపుకుంటాను. "చాలా కూల్‌గా ఉంది ఫ్రెండ్స్" అనేవాడి మాటకి ఏం కలుపుకోను?

సత్యం: నూరు తాకాక నీ కూడిక ఆగిపోతుంది తల్లీ. అక్కడి నుంచి పెరిగేది వేడి కాదు, తగ్గేది వేగం. అదెంతో ఏ రివ్యూలో ఉంది?

శైలజ: సరిగ్గా మన వేడికి ఎంతో ఉండదు. కానీ ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ లాంటి పరీక్షని ఆపకుండా మళ్లీ మళ్లీ నడిపి గ్రాఫ్ వేస్తారు. మొదటిసారి వచ్చిన స్కోరు కంపెనీవాడు చూపించేది. తర్వాత గీత ఎక్కడ నిలబడిందో అది మనం చూడాల్సింది. చల్లటి గదిలోనే జారిపోయేది మన దగ్గర ఇంకా జారుతుంది. దాన్ని కొట్టేస్తాను.

సత్యం: బాగుంది. మరి బావ చేసేదేంటి? కోరల్‌డ్రాలో కార్డు, ఫోటోషాప్‌లో పెళ్లికొడుకు ఫోటో. ప్రాసెసర్ పది నిమిషాలు ఊపిరాడకుండా పనిచేసేది ఎప్పుడు? ఆ గ్రాఫ్ ఆయనకి అక్కర్లేదు.

శైలజ: అక్కర్లేదు, ఒప్పుకున్నా. నాన్నకి కావాల్సింది స్క్రీన్. ఆ విషయం షోరూంలో చెప్పరు, రివ్యూలోనే ఉంటుంది. ఈ బడ్జెట్‌లో చాలా వాటికి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ స్క్రీన్ ప్యానెల్ వేస్తారు, ఎన్‌టీఎస్‌సీ అంటే రంగుల పరిధికి ఒక కొలత. అంటే స్క్రీన్లకి మామూలు ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండు వంతులు కూడా సరిగా చూపించదు. స్క్రీన్ మీద వెలిసిపోయినట్టున్న ఎరుపుని నాన్న ముదురు చేస్తారు, ప్రింటు గోధుమరంగులో వస్తుంది, కస్టమర్ కార్డులు వెనక్కి తెస్తాడు. షోరూం ట్యూబులైట్ల కింద అన్ని స్క్రీన్లూ ఒకేలా ఉంటాయి. రివ్యూవాళ్లు సెన్సర్ పెట్టి కొలుస్తారు. ఆ ఒక్క అంకె కోసమైనా చదవాలి.

సత్యం: కొలిచింది ఏ ప్యానెల్? ఒకే మోడల్ పేరు మీద రెండు మూడు కంపెనీల ప్యానెళ్లు వస్తాయి. నేను మూత విప్పి చూస్తుంటాను కదా, పక్కపక్కన పెట్టిన రెండు ఒకే పేరు మెషీన్లలో స్క్రీన్లు వేరు, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీలు వేరు. రివ్యూకి ఎనిమిదీ ఎనిమిదీ జీబీల రెండు ర్యామ్ స్టిక్‌లతో పంపుతారు, నీకు ఒకే స్టిక్ ఇస్తారు. ఒకే స్టిక్ ఉండి ర్యామ్ ఒకే ఛానెల్‌లో, అంటే ఒకే దారిలో నడిస్తే, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివాటిలో గ్రాఫిక్స్ బాగా నెమ్మదిస్తుంది. నువ్వు చదివిన రివ్యూలో ఒక్క అక్షరం అబద్ధం ఉండదు. నీ చేతికొచ్చిన మెషీన్ గురించి మాత్రం కాదు.

శైలజ: అదీ రివ్యూలవాళ్లే బయటపెట్టారు మావయ్యా! 2022లో ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్ వచ్చినప్పుడు మొదట్లో చాలామందికి ఎక్కువ స్టోరేజీ ఉన్నవే పంపారు. తర్వాత కొందరు సొంత డబ్బుతో 256 జీబీది కొని చూస్తే, దాని ఎస్‌ఎస్‌డీ పాత ఎం1లో ఉన్న 256 కంటే నెమ్మది. రెండు మెమరీ చిప్‌ల చోట ఒకటే వేశారు. కాబట్టి సొంతంగా కొన్నారా, కంపెనీ ఇచ్చిందా అన్నది ముందు చూస్తాను. తర్వాత మోడల్ నంబరు చివరి అక్షరాల దాకా సరిపోల్చుతాను. ఇంటికి తెచ్చాక హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం పెడితే ప్యానెల్ పేరు కనిపిస్తుంది. తేడా ఉంటే రీప్లేస్‌మెంట్ గడువులోనే వెనక్కి.

సత్యం: వెనక్కి పంపడం మన పిన్‌కోడ్ నుంచి ఎంత సుఖమో నీకింకా తెలీదు. సరే, ఒక్కటి అడుగుతాను. చివరికి ఏది తేల్చావు?

శైలజ: స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌ది. 2024 జూన్ నుంచి వస్తున్నాయి. బ్యాటరీ గురించి అందరూ ఒకే మాట. కరెంటు పోయినా నాన్న పని ఆగదు. స్క్రీన్ అంకె కూడా బాగుంది.

సత్యం: ఒడియా పనికి బావ వాడే పాత సాఫ్ట్‌వేర్‌కి యూఎస్‌బీ డాంగిల్ ఉంది, చూశావా? అది గుచ్చితేగానీ తెరుచుకోదు. స్నాప్‌డ్రాగన్ ఆర్మ్ రకం చిప్పు, ఇంటెల్ లాంటిది కాదు. మామూలు విండోస్ ప్రోగ్రాములు అందులో ఎమ్యులేషన్ మీద, అంటే ఇంటెల్ చిప్పులా నటించే పద్ధతిలో, చాలావరకు నడుస్తాయి. తగిలించిన పరికరాల్ని నడిపించే డ్రైవర్లు మాత్రం అలా నడవవు, అవి ఆర్మ్ కోసం విడిగా రాసి ఉండాలి. ఆ డాంగిల్‌కీ, మూల ఉన్న పాత ప్రింటర్‌కీ ఇప్పుడెవడు రాస్తాడు? బ్యాటరీ రెండు రోజులొస్తుంది, పెళ్లికార్డు ఒక్కటీ రాదు.

(ఇక్కడ శైలజ కాసేపు మాట్లాడదు. నన్నడిగితే మొత్తం వాదంలో సత్యం గట్టిగా కొట్టిన దెబ్బ ఇదే. దీని తర్వాత ఆయన ఆగి ఉంటే గెలిచేవాడు.)

సత్యం: ఇంకోటి. మన్నిక. యాపిల్ వాళ్ల బటర్‌ఫ్లై కీబోర్డు 2015లో వచ్చింది. పల్చగా ఉందని మెచ్చుకున్నారు. దుమ్ము పడితే కీలు పట్టేస్తున్నాయని గోల పెరిగి, 2018లో ఉచిత రిపేరు ప్రకటించారు, 2019 చివరి నుంచి ఆ డిజైన్‌నే వదిలేయడం మొదలుపెట్టారు. వారం వాడినవాడికి ఆ జబ్బు ఎలా తెలుస్తుంది? నా బల్ల మీదకి వచ్చినవి చూడు. మూత మడిచే హింజ్ విరిగినవి ఎక్కువగా ఒకే కంపెనీవి. అదీ అసలు రివ్యూ.

శైలజ: ఆ కంపెనీవి ఈ ఊళ్లో ఎన్ని అమ్ముడయ్యాయి?

సత్యం: అదే ఎక్కువ పోతుంది. వీధికి ఇద్దరు డీలర్లు.

శైలజ: ఎక్కువ అమ్మితే ఎక్కువ విరుగుతాయి. నూటికి ఎన్ని విరిగాయో నీ బల్ల చెప్పదు. డాక్టరుకి ఊరంతా రోగులే కనిపిస్తారు మావయ్యా. హింజ్ బాగున్నవాడు నీ దగ్గరికి వచ్చి "నాది బాగుంది" అని చెప్పి పోతాడా? రివ్యూవాళ్లు వారం వాడి చెప్తారు, నువ్వు చెడినవే చూసి చెప్తావు. రెండూ సగమే.

సత్యం: సగమైనా నాది ఈ ఊరి సగం. ఇక్కడి దుమ్ము, ఇక్కడి ఓల్టేజీ, గోపాలపూర్ తీరం నుంచి వచ్చే ఉప్పుగాలి. మదర్‌బోర్డు తుప్పు పట్టి వచ్చినవి ఎన్ని చూశానో.

శైలజ: అది ఒప్పుకుంటాను. అయితే ఏ మోడల్, ఎన్నేళ్లకి, ఏం పోయింది అని ఒక పుస్తకంలో రాసి పెట్టు. అప్పుడు నీదీ చదువుతాను.

సత్యం: రాయడానికి తీరికేది? అది సరే, డబ్బు తీసుకుని పొగిడేవాళ్ల సంగతి?

శైలజ: 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. డబ్బో, ఉచిత వస్తువో తీసుకుంటే స్పష్టంగా చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకి వినియోగదారుల చట్టం కింద పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. చెప్పనివాళ్లు ఇంకా ఉన్నారనుకో. వాళ్ల వీడియో మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది, ఒక్క లోపమూ చెప్పరు.

సత్యం: స్టార్లు?

శైలజ: చూడను. డెలివరీ అబ్బాయి మర్యాదగా ఉన్నాడని ఐదు స్టార్లు ఇచ్చినవాళ్లున్నారు. ఒక స్టార్ ఇచ్చినవాళ్లలో ఒకే ఫిర్యాదు పదిమంది రాస్తే మాత్రం చదువుతాను.

సత్యం: ఇప్పుడు స్నాప్‌డ్రాగన్ సంగతేం చేస్తావు?

శైలజ: వదిలేస్తాను. నా లిస్టులో రెండోది ఇంటెల్‌ది, స్క్రీన్ అంకె కాస్త తక్కువ. దానికి బ్యాటరీ పది గంటలని రాశారు. వైఫై ఆపి, స్క్రీన్ వెలుతురు తగ్గించి 150 నిట్స్ దగ్గర పెట్టి, వీడియో మాత్రమే నడిపితే వచ్చిన పది. నాన్న వెలుతురు పూర్తిగా పెట్టుకుంటారు. ఐదు అనుకుంటున్నాను.

సత్యం: నాలుగున్నర అనుకో. షోరూంకి డాంగిల్ పట్టుకెళ్దాం. గుచ్చి, సాఫ్ట్‌వేర్ ఎక్కించి చూస్తేగానీ డబ్బు ఇవ్వొద్దు.

శైలజ: సీలు విప్పనివ్వరు మావయ్యా.

సత్యం: డెమో పీసు మీద విప్పనిస్తారు. ఆ డీలరు మెషీన్లే నేను బాగుచేసేది, ఎలా కాదంటాడో చూస్తాను. నువ్వు ఆ మోడల్ నంబరు చివరి అక్షరాలు కాగితం మీద రాసుకో.