ఆవకాయది ఏ రాగం?

ఈ వేసవిలో నేను ఒక పరిశోధన పూర్తి చేశాను. ఏ విశ్వవిద్యాలయమూ అడగలేదు, ఎవరూ నిధులివ్వలేదు, ఇంట్లోవాళ్లయితే మధ్యమధ్యలో లేపి పాలు పొంగుతున్నాయేమో చూడమన్నారు, అయినా పూర్తయింది. తెలుగువాళ్ల వేసవి భోజనం మొత్తం కర్ణాటక సంగీతంలోని 72 మేళకర్త రాగాల్లో, అంటే మిగతా రాగాలకి తల్లుల్లాంటి రాగాల్లో, ముందే రాసిపెట్టి ఉందన్నది నా సిద్ధాంతం. నవ్వేవాళ్లు కాసేపు ఆగండి, లెక్క చూపిస్తాను.

మాది విజయవాడ. బెజవాడని బ్లేజ్‌వాడ అన్నవాడెవడో గానీ మే నెలలోనే దిగి ఉంటాడు. ఆ మే నెలలో మా ఇంట్లో రెండు కార్యక్రమాలు ఒకేసారి మొదలయ్యాయి, ఒకటి ఆవకాయ, రెండోది మా అమ్మాయి సంగీతం క్లాసు. సెలవుల్లో పిల్ల ఫోను పట్టుకుని కూర్చుంటోందని మా ఆవిడ చేర్పించింది. ఫలితంగా ఇప్పుడు పిల్ల ఫోనులో శ్రుతి పెట్టుకుని కూర్చుంటోంది.

ఆవకాయ వ్యవహారంలో నా హోదా గురించి కూడా చెప్పాలి, లేకపోతే పరిశోధనకి అంత తీరిక ఎక్కడిదని మీరు అనుమానిస్తారు. పోయిన ఏడాది దాకా కాయలు తెచ్చే శాఖ నాది. బజార్లో నున్నగా, పొడుగ్గా, మచ్చ లేకుండా కనిపించిన కాయల్ని ఏరి, ముక్కలు కొట్టించి మరీ పట్టుకొచ్చాను. అమ్మ ఒక ముక్క కొరికి, "ఏం కాయరా ఇది?" అంది. "కలెక్టరు కాయమ్మా" అన్నాను, కాస్త గర్వంగానే. "కలెక్టరు ఆఫీసులో ఉండాలిగానీ జాడీలో ఏం పని రా?" అంది. తోతాపురి అని కూడా పిలిచే ఆ కాయ చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకి బళ్లకొద్దీ వెళుతుందట, దాని పని అదట, పుల్లగా పీచు మీద ఉన్న కాయకీ దీనికీ తేడా తెలియనివాడు ఆవకాయ తినడానికి తప్ప పెట్టడానికి పనికిరాడట. ఈ ఏడాది నన్ను ముక్కలు తుడిచే శాఖకి బదిలీ చేశారు. ఒక్కో ముక్కకీ టెంక ఉందో లేదో చూడాలి, లోపలి జీడి తీసెయ్యాలి, పల్చటి పొర గోకాలి, పొడి గుడ్డతో తుడవాలి. పొరపాటున తడి చెయ్యి పెడితే ఏడాది పొడుగునా బూజు మీద వచ్చే ప్రతి ప్రశ్నకీ నేనే జవాబుదారీ.

ఆ తుడుపులో ఉండగా పక్క గదిలోంచి పిల్ల సరళీ వరుసలు వినిపిస్తున్నాయి. దానికి తోడుగా అమ్మ రేడియో. విజయవాడ రేడియో స్టేషన్ 1948లో మొదలైంది, అమ్మ పుట్టింది అంతకు ముందు ఏడాది, అందుకని స్టేషన్ని "వాడు" అనే అంటుంది. "వాడు ఇవాళ భక్తిరంజని సరిగ్గా వెయ్యలేదు" అని తమ్ముడి మీద చెప్పినట్టు చెబుతుంది. హాల్లో పాత ట్యూబ్‌లైటు చోకు ఒకటి జుయ్యిమంటూ ఉంటుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగితే ఆ చోకు 100 సార్లు గుంయిమంటుంది, కాబట్టి శ్రుతి విషయంలో మా ఇంటికి ఏ లోటూ లేదు.

పిల్ల మధ్యలో వచ్చి, "నాన్నా, మాయామాళవగౌళ 15వ రాగం అని ఎలా తెలుస్తుందో చెప్పనా?" అంది. నేర్చుకునేవాళ్లకి మొదటి పాఠం ఆ రాగంలోనే, పురందరదాసు పెట్టిన పద్ధతి అని చెబుతారు. అంతవరకు నాకూ తెలుసు. తెలియనిది కటపయాది, అంటే అక్షరాలకి అంకెలు కట్టే లెక్క. క నుంచి ఝ దాకా 1 నుంచి 9, ట నుంచి ధ దాకా మళ్లీ 1 నుంచి 9, ప నుంచి మ దాకా 1 నుంచి 5, య నుంచి హ దాకా 1 నుంచి 8. ఞ, న, ఒంటరి అచ్చులు సున్నా. గుణింతాలతో పనిలేదు. పేరులో మొదటి రెండక్షరాల అంకెలు తీసుకుని తిరగేస్తే రాగం నంబరు. మా అంటే 5, యా అంటే 1, తిరగేస్తే 15. అంతే.

పిల్ల వెళ్లిపోయింది. నా చేతిలో మామిడి ముక్క, ఎదురుగా ఆవపిండి. ఆవకాయ, ఆ అంటే సున్నా, వ అంటే 4. తిరగేస్తే 40. పాప పుస్తకం తెప్పించి చూశాను. 40వ మేళకర్త పేరు నవనీతం.

నవనీతం అంటే వెన్న! వేడన్నంలో కొత్తావకాయ కలిపి దాని మీద ఏం వేసుకోవాలో రాగం పేరులోనే ఉంది. నేను ముక్కలు వదిలేసి లేచాను. (గుడ్డ ఎక్కడ పెట్టానో ఆ సంభ్రమంలో గుర్తులేదు, అది తర్వాత పెద్ద సమస్య అయింది.)

అక్కడి నుంచి మూడు రోజులు నాకు నిద్ర లేదు. మాగాయ 35, శూలిని. నాలుక మీద పొడిచే పులుపుకి అంతకంటే సరైన పేరుందా? పులిహోర 31, యాగప్రియ, ప్రసాదంగా పెడతాం కదా. పప్పు 11, కోకిలప్రియ. కోకిల ఎప్పుడు కూస్తుంది, మామిడి కాసినప్పుడు, మామిడికాయ దేంట్లో వేస్తాం, పప్పులో. ఉప్పు 10, నాటకప్రియ, కూరలో అది తగ్గిన రోజు మా ఇంట్లో ఏం జరుగుతుందో పక్కింటివాళ్లు చెబుతారు. కారమూ 21, పెరుగూ 21, రెండూ కీరవాణే. పెరుగన్నంలో ఆవకాయ నంజుకోమని ఎవరూ నేర్పకుండానే ప్రతి తెలుగు పిల్లకీ ఎందుకు తెలుసో ఇన్నాళ్లకి తేలింది. ముంజలు లెక్కేస్తే 85 వచ్చింది. 72తో ఆగిపోయే శాస్త్రానికి అందని రుచి అని తీర్మానించుకున్నాను, ఎర్రటి ఎండలో ముంజ తిన్నవాళ్లెవరూ కాదనరు.

అన్నిటికంటే ఒళ్లు గగుర్పొడిచింది చింతకాయ. 66, చిత్రాంబరి. వానలు కురిపిస్తుందనే అమృతవర్షిణి ఆ చిత్రాంబరికి పుట్టిన రాగమే. ముత్తుస్వామి దీక్షితులు ఎట్టయపురం దగ్గర ఎండిన పొలాలు చూసి ఆ రాగం పాడితే వాన పడిందని కథ. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతుంటే మనం చేస్తున్నదేమిటి, కూలర్లో నీళ్లు పోస్తున్నాం. ఇంటికో కుండ చింతకాయ తొక్కు పెట్టుకుని చూడొచ్చుగా?

తర్వాత బంధుత్వాల మీదికి వెళ్లాను, అది నా పొరపాటు. అల్లుడు 30, నాగానందిని. పాముల్ని ఆనందపరిచేదని నేను విడగొట్టుకున్నాను, ఇంకేమీ అనను, మా మావగారు కూడా ఇది చదువుతారు. అత్త 60, నీతిమతి. మా ఆవిడ ఆ లైను దగ్గర కాసేపు ఆగింది. ఆవిడ అనే మాటకి ఆవకాయకొచ్చిన నలభయ్యే వచ్చింది. ఘాటు, నిల్వ, ఏడాది పొడుగునా ఇంటిని నిలబెట్టే శక్తి అంటూ దానికి నేను రాసుకున్న మూడు పేజీల వ్యాఖ్యానం ప్రస్తుతం అటక మీద ఉంది.

మూడో రోజు ఆవకాయ తిరగకలిపారు. ఊట పైకొచ్చింది, పప్పునూనె తేలింది, పొడిగా ఉన్నప్పుడు ఏమీ ఎరగనట్టు కూర్చున్న ఆవపిండికి ముక్కల తడి తగిలి ఘాటెక్కింది. (మా చుట్టాల్లో కూడా ఇద్దరున్నారు, తడి కన్ను చూస్తే చాలు, ఘాటెక్కుతారు.) ముక్కల్ని జాడీకెత్తేశాక బేసిన్లో మిగిలినదాంట్లో వేడన్నం వేసి అమ్మ కలుపుతోంది. అందరూ చేతులు చాపి కూర్చున్నారు. పరిశోధన వెల్లడించడానికి ఇంతకు మించిన సభ దొరకదని మొదలుపెట్టాను. మన పూర్వీకులకి అన్నీ ముందే తెలుసు, ఆవకాయ ఏ రాగమో కూడా నిర్ణయించి వెళ్లారు, ఇది సాయంత్రం కుటుంబం గ్రూపులో పెడతాను అన్నాను.

మా పెద్దాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, అది వాడి తప్పు కాదు. "ఏ పూర్వీకులు నాన్నా? మిరపకాయ పోర్చుగీసువాళ్లతో కదా వచ్చింది. వాళ్లు కాలికట్‌లో దిగిందే 1498లో. 1503లో పోయిన అన్నమయ్య 32 వేల కీర్తనలు రాశాడంటారుగానీ ఎర్రావకాయ మాత్రం రుచి చూసి ఉండడు" అన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని మళ్లీ, "అయినా ఏ రెండక్షరాలు తీసుకున్నా ఏదో ఒక రెండంకెల నంబరు వస్తుంది, చాలావరకు 72 లోపే పడుతుంది. కుదిరినవి చెప్తున్నావు, కుదరనివి దాస్తున్నావు. కోడలు లెక్కేశావా?" అన్నాడు.

వేశాను. 31, పులిహోర రాగమే. దాన్ని వివరణ దొరికేదాకా పక్కన పెట్టాను. పెద్ద పరిశోధనల్లో ఇవన్నీ మామూలే.

అన్నమయ్యకి ఎర్రావకాయ లేదన్న మాట అమ్మకి నచ్చలేదు. "కారం లేకపోతే మిరియాలేసుకుని తిని ఉంటాడు, నీకేం తెలుసు" అని మనవడికి ఒక ముద్ద తక్కువ పెట్టింది. మా ఆవిడ మాత్రం, "అయితే ఏవండీ, ఇంట్లో అందరిదీ చూశారుగా, మరి మీది?" అని నెమ్మదిగా అడిగింది.

నిజం చెబుతున్నాను, అంతవరకు నాకు తట్టలేదు. పిల్ల వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఒక్క వేలు కూడా మడవకుండానే ఆపేసింది.

"నాన్నా! న సున్నా. న్న కూడా సున్నా."

"సరిగ్గా చూడమ్మా. తిరగెయ్యాలి కదా."

"తిరగేశాను నాన్నా."

బేసిన్లో ఆఖరి ముద్ద పెద్దాడికి వెళ్లింది. అమ్మ చెయ్యి కడుక్కుని జాడీ మూతికి వాసెన కట్టబోతూ చుట్టూ చూసి, "ఒరేయ్, మొన్న ముక్కలు తుడిచిన గుడ్డ ఏదిరా?" అంది.