ఆటోస్కేలింగ్ ఉంటే ప్రణాళిక అక్కర్లేదన్న వాదన నిలవదు

లక్షల మంది విద్యార్థులకు ఆన్‌లైన్ బోధన వేదిక పెట్టాలనుకునే సంస్థల మధ్య ఒక వాదన విస్తృతంగా చలామణీ అవుతోంది. క్లౌడ్‌లో ఆటోస్కేలింగ్ పెట్టుకుంటే సర్వర్ల ప్రణాళిక అక్కర్లేదనీ, రద్దీని బట్టి యంత్రాలు వాటంతటవే పెరుగుతాయనీ, నమోదైన విద్యార్థుల సంఖ్యను బట్టి బడ్జెట్ వేసుకుంటే చాలనీ, వీడియోలే అసలు బరువు కనుక వాటిని సీడీఎన్‌కు (చూసేవారికి దగ్గర్లోని సర్వర్ల నుంచి ఫైళ్లు అందించే వ్యవస్థకు) అప్పగిస్తే మిగతాదంతా తేలికేననీ దాని సారాంశం. 2002లో తొలిసారి విడుదలై నేటికీ విశ్వవిద్యాలయాల్లో విరివిగా వాడుకలో ఉన్న మూడుల్ అనే ఆన్‌లైన్ బోధన సాఫ్ట్‌వేర్‌ను ఉదాహరణగా తీసుకుని ఈ మాటలను పరిశీలిద్దాం.

ముందుగా నమోదు సంఖ్య సంగతి. లక్ష మంది నమోదైన వేదికలో మామూలు రోజు మధ్యాహ్నం రెండు వేల మంది కూడా ఉండకపోవచ్చు. 50,000 మందే ఉన్న చోట ఉదయం 10 గంటలకు పరీక్ష పెడితే, చివరి రెండు నిమిషాల్లో అందరూ లాగిన్ కావడానికి ప్రయత్నించవచ్చు. అంటే సెకనుకు దాదాపు 417 లాగిన్లు. ఒక్కోదానికి 0.4 సెకను పడితే ఏ క్షణాన చూసినా 167 పీహెచ్‌పీ వర్కర్లు (వెబ్ సర్వర్‌లో ఒక్కో అభ్యర్థనను తీర్చే ప్రాసెస్‌లు) పనిలో ఉంటాయి. డేటాబేస్ తడబడి అదే సమయం 2 సెకన్లకు చేరితే, వచ్చేవారు ఒక్కరు కూడా పెరగకుండానే 834 కావలసి వస్తాయి. క్యూల గణితంలో లిటిల్ సూత్రంగా పేరున్న ఈ లెక్క కాగితం మీద ఇట్టే తేలుతుంది. దీన్ని వేసుకోకుండానే టెండర్లు పిలవడం విడ్డూరం.

యంత్రాలు వాటంతటవే పెరుగుతాయన్నది నిజమే, కానీ ఎప్పటికి పెరుగుతాయి? అమెజాన్ క్లౌడ్‌లో యంత్రాలను అద్దెకిచ్చే ఈసీ2 సేవలో సాధారణ పర్యవేక్షణ కొలతలు 5 నిమిషాలకోసారి, అదనపు రుసుముతో తీసుకునే వివరమైన కొలతలు నిమిషానికోసారి అందుతాయి. రద్దీ హద్దు దాటిందని తేలి, కొత్త యంత్రం బూట్ అయి, తరచూ వాడే సమాచారాన్ని దాచుకునే కాషే నిండి, రద్దీని యంత్రాలకు పంచే లోడ్ బ్యాలెన్సర్ దాన్ని వరుసలో చేర్చుకునేలోగా, లోపలికి రాలేని విద్యార్థులు పేజీని పదేపదే రీఫ్రెష్ చేస్తూ రద్దీని ఇంకా పెంచుతారు. పరీక్ష వేళ వారం ముందే ప్రకటించినప్పుడు 9.30కే యంత్రాలను పెంచి ఉంచవచ్చు. అందుకు, చెప్పిన వేళకు యంత్రాలను పెంచే షెడ్యూల్డ్ స్కేలింగ్ ఆ ఆటోస్కేలింగ్‌లోనే ఉంది. రోజువారీ పాఠాల్లో ఎగుడుదిగుడుగా వచ్చే రద్దీకి ఆటోస్కేలింగ్ ఉపయోగకరమే, రాత్రిపూట ఖర్చూ తగ్గిస్తుంది.

అసలు చిక్కు డేటాబేస్ దగ్గర ఉంది, ఆ వాదన దాని ఊసే ఎత్తదు. పంక్తిలో వడ్డించేవారిని ఎంత మందిని పెంచినా గాడిపొయ్యి మీద అన్నం త్వరగా ఉడకదు. 20 వెబ్ సర్వర్లలో ఒక్కోదానికి 50 వర్కర్లుంటే డేటాబేస్‌కు వెయ్యి కనెక్షన్లు వచ్చి పడవచ్చు. సెట్టింగ్ మార్చకపోతే డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో పోస్ట్‌గ్రెస్ అనుమతించేది 100 కనెక్షన్లు, మైఎస్‌క్యూఎల్ 151. హద్దు దాటగానే పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో ‘సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ’ అన్న వరుసలు పుంఖానుపుంఖంగా పడతాయి. అప్పుడు ఆటోస్కేలింగ్ మరో ఐదు యంత్రాలు తెస్తే, అవి తెచ్చేది మరో 250 కనెక్షన్లే. పోనీ ఆ హద్దును వెయ్యికి పెంచుదామంటే, పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రత్యేక ప్రాసెస్ నడుపుతుంది కనుక మెమరీ, సీపీయూ వాటిని మోయడానికే ఖర్చవుతాయి.

పైగా పరీక్షలో రాత (డేటాబేస్‌లో కొత్త సమాచారం నమోదు) భారం ఎక్కువ. మూడుల్ క్విజ్‌లో ఆటోసేవ్ విరామం డిఫాల్ట్‌గా ఒక నిమిషం; 50,000 మంది జవాబులు మారుస్తూ ఉంటే గరిష్ఠంగా సెకనుకు 833 సేవ్ అభ్యర్థనలు వస్తాయి, ఒక్కోదాని వెనుక అనేక క్వెరీలు (డేటాబేస్‌కు పంపే ఆదేశాలు) ఉంటాయి. రీడ్ రెప్లికాలు (చదవడానికి మాత్రమే వాడే డేటాబేస్ నకళ్లు) చదివే పనిని పంచుకుంటాయే తప్ప ఈ రాతలను ప్రధాన సర్వరే మోయాలి. సెషన్లను (ఎవరు లాగిన్ అయ్యారన్న వివరాలను) మెమరీలో నడిచే రెడిస్ అనే నిల్వకు తరలించడం, పీజీబౌన్సర్ వంటి పూలర్‌తో (కొద్ది కనెక్షన్లను చాలామందికి పంచే సాధనంతో) కనెక్షన్లను కుదించడం, ఆటోసేవ్ విరామాన్ని పెంచడం, కోర్సుల వారీగా పరీక్ష ప్రారంభాన్ని పది నిమిషాల తేడాతో విడదీయడం ఇక్కడ పనికొచ్చే మార్గాలు. చివరిదానికి అదనంగా సర్వర్లేమీ కొనక్కర్లేదు. అందుకే కాబోలు, అమ్మకందారుల ప్రతిపాదనల్లో దానికి చోటుండదు.

వీడియో విషయంలో ఆ వాదన సగం సరైనదే. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున 10,000 మంది ఒకేసారి చూస్తే గంటకు 4.5 టెరాబైట్లు ప్రవహిస్తాయి, దాన్ని సీడీఎన్‌కు అప్పగించవలసిందే. అయితే వీడియో ముక్కలు అందరికీ ఒకటే కనుక కాషేలో నిలుస్తాయి. జవాబు పత్రం ఒక్కొక్కరిది వేరు కనుక ఆ సౌకర్యం దానికి లేదు. అమెజాన్ 2022లో హైదరాబాద్‌లో రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) తెరిచాక సర్వర్ దగ్గర్లోనే ఉందన్న ధీమా కూడా వినిపిస్తోంది. దూరం తగ్గితే కొన్ని మిల్లీసెకన్లు కలిసివస్తాయి, రాతల వరుస మాత్రం అలాగే ఉంటుంది.

ఇక రుజువుగా చూపే లోడ్ టెస్ట్ (కృత్రిమ రద్దీతో చేసే పరీక్ష) రిపోర్టుల్లో హోమ్ పేజీని వేల సార్లు తెరిచి చూసినవాటికి విలువ లేదు. గత ఏడాది ప్రశ్నలు, జవాబులతో నిండిన డేటాబేస్ నకలు మీద, విద్యార్థుల వ్యక్తిగత వివరాలు తీసేసి, లాగిన్ నుంచి క్విజ్ సమర్పణ దాకా మొత్తం దారిని జేమీటర్ వంటి సాధనంతో నడిపించిన రిపోర్టునే సంస్థలు అడగాలి.