మహారాజశ్రీ ఎంవోయూ గారికి

మహారాజశ్రీ ఎంవోయూ (అదేనండీ, పెట్టుబడుల అవగాహన ఒప్పందం) గారి సముఖానికి,

విశాఖపట్నం, గాజువాక ఆటోనగర్ నుంచి ఓ చిన్న వర్క్‌షాపు యజమాని నమస్కరించి రాసుకునే విన్నపాలు. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేం క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. మీరెప్పుడూ నున్నటి ఫోల్డర్‌లో, ఏసీ టెంటులో, పూలగుత్తి పక్కనే ఉంటారు. ఎండా వానా తగలవు. ఎవరూ తెరిచి చదవరు కాబట్టి చేతి చెమట కూడా తగలదు.

మీరు మా ఊరికి కొత్తవారేం కాదు. 2016, 2017, 2018 వరసగా మూడేళ్లు పెట్టుబడుల భాగస్వామ్య సదస్సుకి వచ్చారు. 2023 మార్చిలో గ్లోబల్ ఇన్వెస్టర్స్ సమ్మిట్ అన్నారు, 2025 నవంబర్‌లో మళ్లీ భాగస్వామ్య సదస్సు అన్నారు. ఈలోగా ప్రభుత్వాలు మారాయి, ఫ్లెక్సీల మీద బొమ్మలు మారాయి. మీరు మాత్రం ఎవరు పిలిచినా అదే నవ్వుతో వచ్చారు. రాజకీయాల్లో ఇంత నిలకడ ఉన్నవాళ్లు మా రాష్ట్రంలో ఇంకెవరూ లేరు.

మీరొస్తున్నారంటే ఊరికి పండగే. బీచ్‌రోడ్డు డివైడర్లకి రంగులు పడతాయి. ఏడాదిగా ఎవరికీ కనపడని గొయ్యి, మీ కాన్వాయ్ ఆ దారినే వస్తుందనగానే ముందురోజు రాత్రి అందరికీ కనపడుతుంది. ముంత మసాలా బండ్లు మాత్రం పక్కకి తప్పుకుంటాయి. పెట్టుబడిదారుల కళ్లకి వ్యాపారం కనపడితే బాగోదు కదా.

ఇక మీమీద రాసే పెట్టుబడుల అంకెల సంగతి. 2017లో 10 లక్షల కోట్ల పైచిలుకు. 2023లో 13 లక్షల కోట్ల పైచిలుకు. 2025లోనూ 13 లక్షల కోట్ల పైచిలుకే. ఉల్లిపాయ నుంచి ఉక్కు దాకా అన్నిటి రేట్లూ పెరిగాయి, పాపం మీరొక్కరే అక్కడే ఆగిపోయారు. ఆంధ్రప్రదేశ్ అంతా కలిసి ఏడాదంతా చెమటోడిస్తే 2024-25లో తేలిన ఉత్పత్తి విలువ సుమారు 16 లక్షల కోట్లు. మీరు రెండ్రోజుల్లో, మధ్యాహ్నం భోజనాల విరామం పోను, దాదాపు అంత తేల్చేశారు. మా వెల్డర్ టీవీలో స్క్రోలింగ్ చదివి, "ఏటి సార్, అన్ని లచ్చల కోట్లలో మన ఫ్లాంజి ఒక్కటన్నా ఉంటదా?" అని అడిగాడు. వాడికేం చెప్పాలో మీరే సెలవివ్వండి.

మీమీద సంతకం పెట్టినవాళ్లు ఎవరికీ బాకీ పడరన్నది జగమెరిగిన సంగతే. కంపెనీ రాకపోతే ఆ కాగితం పట్టుకుని ఏ కోర్టుకీ పోలేం. మా వీధిలో వినాయక చవితి లడ్డూ వేలం దీనికంటే గట్టి వ్యవహారం. పాడినవాడు డబ్బు వచ్చే చవితిలోపు కట్టాలి. కట్టకపోతే మళ్లీ పందిట్లో నోరెత్తనివ్వరు, పైగా ఏడాది పొడుగునా కిళ్లీకొట్టు దగ్గర వాడి ముచ్చటే. మీ దగ్గర ఆ ఇబ్బంది లేదు. కిందటిసారి వేలకోట్లు పాడి వెళ్లినాయన ఈసారి ముందు వరసలో కూర్చుంటాడు, శాలువా అదనం.

నాకు కాగితాల మీద కోపం లేదండీ. ఈ తీరానికి పరదేశీ వ్యాపారం మీరు నేర్పింది కాదని మాత్రం మనవి చేసుకుంటున్నాను. తొట్లకొండ బౌద్ధారామం తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికాయి. 17వ శతాబ్దంలో వలందులు (డచ్చివాళ్లు) వచ్చి భీమునిపట్నంలో కోట కట్టుకుని వ్యాపారం చేశారు, వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. పోర్టు 1933లో తెరుచుకుంది. జపాన్ ఉక్కు మిల్లులకి బైలదిల్లా ఇనుపరాయి కావలసొచ్చి, 1960ల్లో తూర్పు కనుమల్ని తొలిచి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. ఆ లైను మీద రాయి ఇవాళ్టికీ దిగుతోంది. స్టీల్‌ప్లాంటుకి సోవియట్ యూనియన్‌తో 1979లో ఒప్పందమైంది. 1971లో ఇందిరాగాంధీ వేసిన శంకుస్థాపన రాయి అన్నాళ్లూ ఎండలో ఎదురుచూసిందన్నది వేరే కథ, కానీ ఒప్పందం తర్వాత ఇంజినీర్లూ యంత్రాలూ వచ్చారు, 1992లో ప్లాంటు జాతికి అంకితమైంది. అప్పట్లో కాగితం వెనకాల ఓడ వచ్చేది. ఇప్పుడు కాగితం వెనకాల కెమెరా వస్తోంది.

2005 గుర్తుందా? ఫోక్స్‌వ్యాగన్ కార్ల ఫ్యాక్టరీ విశాఖకే అన్నారు. రాష్ట్ర ప్రభుత్వం తన వాటా కింద 11 కోట్ల రూపాయలు కట్టింది కూడా. తీరా చూస్తే ఆ సొమ్ము చేరింది వశిష్ట వాహన్ అనే కంపెనీకి, ఆ కంపెనీతో తమకే సంబంధమూ లేదని ఫోక్స్‌వ్యాగన్ తేల్చేసింది. సీబీఐ దిగింది. ఫ్యాక్టరీ పుణె పక్కన చాకన్ వెళ్లిపోయింది. హార్బర్ పార్కు దగ్గరి స్థలానిది ఇంకో ముచ్చట. 2018లో మాల్స్ కట్టే లులూ కంపెనీకి ఇచ్చారు, 2019లో కాదన్నారు, 2025లో మళ్లీ ఇచ్చారు. ఆ నేల ఎక్కడికీ కదల్లేదు, పాపం.

అన్నీ ఉత్తుత్తివే అంటే కళ్లు పోతాయి. అచ్యుతాపురంలో శ్రీలంకవాళ్ల బ్రాండిక్స్‌లో వేలమంది ఆడపిల్లలు బట్టలు కుడుతున్నారు. షిఫ్టు వదిలే వేళకి ఆ బస్సులు చూస్తే ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలుగుతోందో తెలుస్తుంది. గూగుల్ డేటా సెంటర్‌కి 2025 అక్టోబర్‌లో ఢిల్లీలో సంతకాలయ్యాయి, ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లన్నారు. రానివ్వండి, సంతోషం. కట్టేటప్పుడు మాకూ కాస్త ఫ్యాబ్రికేషన్ పని దొరుకుతుందేమో అని ఆశ. కట్టాక లోపల మనుషులకంటే మెషిన్లే ఎక్కువుంటాయని చదువుకున్న పిల్లలకి చెప్పాలంటే నోరు రావడం లేదు.

అయ్యా, కంపెనీ కట్టుబడదు, ప్రభుత్వం కట్టుబడదు. ఈ వ్యవహారంలో కట్టుబడేది ఒక్కటే, భూమి. మీ పేరు చెప్పి భూసేకరణ నోటిఫికేషన్ పడిందంటే ఆ రైతు అమ్ముకోలేడు, పిల్ల పెళ్లికి తాకట్టూ పెట్టలేడు. మీకు దూరపు చుట్టం ఒకడు మా కూర్మన్నపాలెం చుట్టుపక్కల ఇళ్లలో ఉన్నాడు, ఆర్ కార్డు అంటారు. స్టీల్‌ప్లాంటుకి భూములిచ్చిన కుటుంబాలకి, ఇంటికో ఉద్యోగం అన్న ఆశతో ఇచ్చిన కార్డు. ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల మధ్య, అంచులు అరిగిపోయి, మూలకి టేపు అంటించి ఉంటుంది. కొందరికి ఉద్యోగాలొచ్చాయి. రానివాళ్లు వేలల్లో ఉన్నారు. కార్డు తాత నుంచి మనవడికి దిగింది. ఈలోగా 2021 జనవరిలో కేంద్రం ఆ ప్లాంటునే అమ్మేయాలని నిర్ణయించింది. విశాఖ ఉక్కు ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ప్లాంటది. మీ వేదిక మీద అతిథులకి ఆ కార్డొకటి కూడా చూపిస్తే బావుండేది, మాటకి ఎంత ఆయుష్షుంటుందో చూసుకునేవాళ్లు.

ఈజ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్, అంటే వ్యాపారం చేసుకునే సౌలభ్యం, ర్యాంకుల్లో మన రాష్ట్రానిది 2016లో, 2018లో, 2020లో మొదటి స్థానం. నేనూ పేపరు కటింగ్ గోడకి అంటించాను. ఆ కటింగ్ కిందే ఓ పెద్ద కంపెనీ నాకివ్వాల్సిన బిల్లు వేలాడుతోంది. చిన్న యూనిట్లకి 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నుంచి చట్టం ఉంది. ఆ చట్టం చూపిస్తే అకౌంట్స్ కుర్రాడు, "అంకుల్, మీరు కేసు వేస్తే నెక్స్ట్ ఆర్డర్ ఉండదు కదా" అని ఎంతో ప్రేమగా చెప్పాడు. నాకు ఆటోనగర్ షెడ్డు అద్దె, కరెంటు బిల్లు ఒకటో తారీకుకల్లా టెన్షన్. రుషికొండలో టీసీఎస్‌కి 21 ఎకరాల పైచిలుకు 99 పైసలకి ఇచ్చారు. ఓ రూపాయి తెస్తాను, పైసా చిల్లర ఉంచుకోమంటాను, నాకో పది సెంట్లు ఇప్పించే దారుందా?

మరొక్క సంగతి చెప్పి ముగిస్తాను. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది. పాత సుంకాలు కలిపితే రొయ్య మీద అంతకంటే ఎక్కువే పడింది. మన రొయ్యకి పెద్ద బేరం అమెరికాయే, మా పోర్టు నుంచి వెళ్లే సముద్ర ఉత్పత్తుల్లో రొయ్యదే పెద్దపీట. నా తోడల్లుడు చెరువు గట్టున నిలబడి వంద కౌంట్ (కిలోకి వంద తూగే రొయ్య) రేటు ఎంతని ఫోన్ చేస్తే, ఏజెంటు కాల్ ఎత్తడం మానేశాడు. ప్లాంటులో ఐసునీళ్లలో చేతులు ముంచి రొయ్యల తలలు తీసే ఆడవాళ్లకి, వేళ్ల సందుల్లో పుళ్లు మానకముందే, రేపు షిఫ్టు లేదన్నారు. అంతర్జాతీయ వాణిజ్యంలో అసలు చెయ్యి పెట్టింది వాళ్లే. మూడు నెలలు తిరక్కుండా అంతర్జాతీయ వాణిజ్య సహకారం మీద మా ఊళ్లోనే మీ సదస్సు జరిగింది. ఆ వేళ్లు ఒక్క ఫోటోలోనూ పడలేదు.

మళ్లీ ఎప్పుడొస్తారో ముందుగా కబురు పెట్టండి. గోతుల లిస్టు రాసిపెట్టి ఉంచుతాం. ఫోల్డర్‌లో ఆఖరి పేజీ ఎలాగూ ఖాళీయే కదా, దానిమీద కిందటిసారి సంతకాలు పెట్టినవాళ్ల పేర్లూ, ఎవరి ఫ్యాక్టరీ ఎక్కడిదాకా వచ్చిందీ అచ్చేయించండి. ఇంకు ఖర్చు మా ఆటోనగర్ అసోసియేషన్ భరిస్తుంది, అంత ఇంకు పడుతుందని మాకేం భయం లేదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఆటోనగర్ లేత్ మెషిన్ పక్క నుంచి

తా.క.: వీలుంటే నా పాత బిల్లు మీద కూడా ఆ కంపెనీవాళ్ల చేత ఓ ఎంవోయూ చేయించండి. డబ్బు రాకపోతే పోయె, నాకూ మంత్రిగారి పక్కన ఓ ఫోటో ఉంటుంది. అది చూపిస్తే బ్యాంకువాళ్లు ఓవర్‌డ్రాఫ్ట్ పెంచుతారట.