తారు పడని గట్లను అలాగే ఉండనివ్వండి

కర్నూలుకూ కడపకూ మధ్య రెండు దారులున్నాయి. ఒకటి అందరికీ తెలిసిన 40వ నంబరు జాతీయ రహదారి. రెండోదాన్ని ఎవరూ దారి అనరు. అది కేసీ కెనాల్, అంటే కర్నూలు–కడప కాలువ గట్టు. సుంకేసుల దగ్గర తుంగభద్రలో బయలుదేరిన ఈ కాలువ 300 కిలోమీటర్లకు పైగా నడిచి కడపకు చేరుతుంది. దాని పక్కనే మొరం తోలిన బాట, లస్కర్లు నీళ్లు చూసుకోవడానికి తిరిగేది. తెల్లారి గంటసేపు తొక్కినా ఎదురొచ్చేది చాలాచోట్ల ఒక ట్రాక్టరు, ఒక గొర్రెల మంద, అంతే.

ఇలాంటి కాలువ గట్లలో కొన్నింటికి తారు వేయొద్దని, వాటిని సైకిళ్లకూ నడిచేవాళ్లకూ వదిలిపెట్టాలని నేను కోరుతున్నాను. రాయలసీమలో ఈ మాట అనడం తేలిక కాదని తెలుసు. ఊరికి తారు రోడ్డు కావాలని ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్న నేల ఇది. వాన పడితే అంబులెన్సు రాలేని పల్లెకు రోడ్డు వేయొద్దనే హక్కు ఏ సైకిలు వాడికీ లేదు. నేను మాట్లాడేది ఏ ఊరూ ఆధారపడని గట్ల గురించి.

కంకర, మట్టి బాటల మీద తొక్కడానికి గ్రావెల్ సైక్లింగ్ అనే పేరు మనకు కొత్త. ఆ సైకిలుకు రేసు సైకిల్లా హ్యాండిల్ వంగి ఉంటుంది, టైరు మాత్రం లావు. సాధారణంగా 35 నుంచి 50 మిల్లీమీటర్లు, గాలి కాస్త తక్కువ. తారు మీద పరిగెత్తుతుంది, కంకర మీద జారదు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం ఎంపోరియా ఊళ్లో 2006లో మొదలైన 200 మైళ్ల పందెంతో ఈ ఆటకు ఊపొచ్చింది. 2022లో ఇటలీలో మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. అయితే మన పాలవాళ్లూ పోస్ట్‌మ్యాన్లూ తొక్కిన నల్ల సైకిలు టైరు 28 ఇంటూ ఒకటిన్నర అంగుళం. కొత్త కొలతలో చెబితే 40 మిల్లీమీటర్లు! మా నాయన ఆ సైకిలు మీదే క్యారియరుకు వేరుశనగ మూట కట్టుకుని బండ్ల బాటన వచ్చేవాడు. లక్ష రూపాయల సైకిలు ఉంటేనే ఈ దారులు పనికొస్తాయని ఎవరైనా అంటే నమ్మొద్దు.

నేను పదేళ్లుగా తొక్కుతున్నాను. నంద్యాల దారిలో ఒక తెల్లవారుజామున సిమెంటు ట్యాంకరు గాలి విసురుకే రోడ్డు దిగిపోయి మోచేయి చీరుకుంది. ఆ తర్వాత హైవే ఎక్కలేదు. గట్టు మీదికి నన్ను తెచ్చింది ఆ భయమే. అక్కడ ఉండిపోవడానికి వేరే కారణం ఉంది.

కాలువ గట్టుకు ఉన్న గుణం ఏ రోడ్డుకూ ఉండదు. నీరు తనంతట తాను పారాలి కాబట్టి వాలు చాలా మెల్లగా ఉంటుంది. కర్నూలు సముద్ర మట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంది, కడప 140 దగ్గర. అంత దూరంలో దిగేది సుమారు ఆ 130 మీటర్లే. కిలోమీటరుకు సుమారు అర మీటరు. పిల్లలూ అరవై దాటినవాళ్లూ ఊపిరి ఆడకుండా ఆగిపోయే ఎత్తులు లేవు. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ ఈ కాలువను సాగుకే కాక పడవల రాకపోకలకూ తవ్వించింది. అంటే మొదట్నుంచీ ఇది ప్రయాణపు దారే. దారి ఏకబిగిన ఉందని మాత్రం అనుకోవద్దు. రాజోలి దగ్గర కుందూ, ఆదినిమ్మాయపల్లె దగ్గర పెన్న అడ్డు వస్తాయి. అక్కడ ఊళ్లలో నుంచి చుట్టి రావాలి.

ఇక నేల సంగతి. దీని మీదే అంతా ఆధారపడి ఉంది. నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపంతా నల్లరేగడి. ఎండాకాలం అది బండలా గట్టిపడుతుంది. ఒక్క వాన పడితే సైకిలు చక్రానికి చుట్టుకుని ఫోర్కులో ఇరుక్కుంటుంది, భుజాన మోసుకుని నడవాల్సిందే. అదే గట్టు మీద మొరం తోలి ఉంటే వాన వెలిసిన గంటకే తొక్కొచ్చు. మొరం, ఎర్రమట్టి నీటిని కిందికి వదిలేస్తాయి, రేగడి పట్టుకుంటుంది. కాబట్టి మంచి గ్రావెల్ దారి కావాలంటే ఖరీదైన పనులేవీ అక్కర్లేదు. ఏటా వానల తర్వాత రెండు టిప్పర్ల మొరం తోలి, రోలర్ తిప్పి, గట్టు మీదికి వాలిన కంప కొట్టేస్తే చాలు. కంప అన్నది ఊరికే కాదు. సర్కారు తుమ్మ ముల్లు మామూలు ట్యూబును ఒక పూటలో మూడుసార్లు కొడుతుంది. పల్లేరు కాయలు సరేసరి. ట్యూబ్‌లెస్ టైరులో సీలెంట్, అంటే చిల్లును తనంతట తాను మూసే ద్రవం, పోసుకున్నవాళ్లు గట్టెక్కుతారు. లేనివాళ్లు ప్యాచులు జేబులో పెట్టుకుని రావాలి. ఇంకొక మాట: సిమెంటు లైనింగ్ ఉన్న కాలువలో జారిపడితే ఈత వచ్చినవాళ్లు కూడా పైకి ఎక్కలేరు, పాచి పట్టిన ఏటవాలు అది. కొద్ది దూరానికి ఒకచోట మెట్లో, పట్టుకునే గొలుసో ఉండాలి. గట్టును తెరవమని అడిగేవాళ్లు ముందు ఇది అడగాలి.

కొండా అడవీ కావాలనుకునేవాళ్లకు తెలుగు గంగ కాలువ ఉంది. వెలుగోడు రిజర్వాయరు నుంచి రుద్రవరం, అహోబిలం వైపుగా బ్రహ్మంసాగర్ దాకా అది నల్లమల పాదాల వెంబడే పోతుంది. దక్షిణానికి తిరిగి తొక్కుతుంటే ఎడమ చేతి వైపు కొండ, కుడి చేతి వైపు వరిమళ్లు. కార్తీకంలో పొద్దున్నే అక్కడ కొండ నీడ గట్టు దాటి పొలాల్లోకి పడి ఉంటుంది. ఆ దారి చూసినవాళ్లు అడవి లోపలికి పోవాలని ఎందుకు ఆశపడతారో నాకు అర్థమవుతుంది. అయినా పోకూడదనే అంటాను.

నల్లమల పెద్ద భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. 2024లో పచ్చర్ల దగ్గర కట్టెల కోసం పోయిన ఒక మహిళను చిరుత చంపింది. శబ్దం లేకుండా మలుపు తిరిగే సైకిలు అడవి జంతువుకు నడిచే మనిషికన్నా ఎక్కువ ఉలికిపాటు. శేషాచలం, పాలకొండల వైపు ఎర్రచందనం దొంగల వల్ల కొత్త ముఖం కనిపిస్తేనే సిబ్బంది అనుమానిస్తారు, వాళ్లను తప్పుపట్టలేం.

అడవి అంచు మాత్రం ఖాళీగా ఉందా? కడప జిల్లాలో లంకమల కొండల అంచున, సిద్ధవటం దగ్గరి ముళ్ల పొదల నేలలో కలివికోడి ఉంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిపోయిందనుకున్న ఈ పక్షి 1986లో మళ్లీ దొరికింది. 2005లో ఇదే తెలుగు గంగ కాలువ కోసం యంత్రాలు దాని చోటులోకి దిగితే గొడవ జరిగి, తర్వాత కాలువ దారి మార్చాల్సి వచ్చింది. మనం పనికిరాని కంప అనుకునే నేలే దానికి ఇల్లు. సైకిలు దారుల పటం గీసేటప్పుడు లంకమల పక్క తెల్లగా వదిలేయాలి. నేనైతే ఆ వైపు సైకిలు తిప్పను.

అడవిలో మనుషులు నడవడం మనకు కొత్తేమీ కాదు. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి మెట్ల దారి ఉంది. ఉగాదికి కన్నడ భక్తులు వేలల్లో నడిచి వస్తారు. ఆ రోజుల్లో అటవీ శాఖ దారి తెరుస్తుంది, పండగ అయ్యాక మూస్తుంది. చెప్పిన రోజుల్లో, చెప్పిన దారిలో, గుంపుగా పోవడమన్నది అడవి ఒప్పుకున్న పద్ధతి. బైర్లూటి క్యాంపులో చెంచులు పర్యాటకులకు అడవి చూపిస్తున్నారు. చలికాలంలో నెలకు రెండు ఆదివారాలు, చెంచు గైడు ముందు సైకిలు మీద నడవగా, జీపులు తిరిగే బాటలోనే పదిహేను కిలోమీటర్లు తొక్కనిస్తే అడవికి కొత్తగా పోయేదేం లేదు. గైడుకు కూలి దక్కుతుంది.

అనంతపురం వాళ్లకు వేరే వరం ఉంది. రామగిరి, ఉరవకొండ చుట్టూ గాలిమరల కోసం గుట్టలెక్కే మట్టి రోడ్లు వేశారు. పొడవాటి రెక్కలు మోసే ట్రెయిలర్లు ఎక్కాలి కాబట్టి మలుపులు వెడల్పుగా, ఎక్కుడు మెల్లగా ఉంటాయి. అవి కంపెనీల రోడ్లు, గేటు దగ్గర అడిగి పోవాలి. చెట్టు నీడ లేదు, ఎనిమిది దాటితే గాలి ముఖాన కొడుతుంది.

స్పెయిన్‌లో 1993 నుంచి వదిలేసిన రైలు మార్గాలను సైకిలు బాటలుగా మార్చుకుంటూ వచ్చారు, ఇప్పుడు 3,000 కిలోమీటర్లు దాటాయి. పట్టాలు తీసేసిన భూమి ప్రభుత్వం చేతిలోనే ఉండటం వాళ్లకు కలిసొచ్చింది. మన గట్లు కూడా జలవనరుల శాఖవే. భూసేకరణ లేదు, పరిహారం గొడవ లేదు. కావాల్సింది ఒక ఉత్తర్వు: ఫలానా తూము నుంచి ఫలానా తూము దాకా గట్టు మీద లారీలూ ఇసుక టిప్పర్లూ పోకుండా ఇనుప దిమ్మెలు, రైతు ట్రాక్టరుకు తాళం చెవి, కిలోమీటరు రాళ్లు, మెట్లు. వెలుగోడు కింద మొదటి 30 కిలోమీటర్లతో మొదలుపెట్టొచ్చు.

పోయిన చలికాలంలో అక్కడ ఒక లస్కరు పెద్దాయనను అడిగాను, సైకిళ్లు ఎక్కువైతే మీకు ఇబ్బందా అని. తూము మీద కూర్చుని బీడీ ఆర్పుకుంటూ చెప్పాడు: "మాకేం ఇబ్బంది సార్. ఇంత పొడుగు గట్టుకు నేనొక్కణ్నే. రాత్రి ఎక్కడన్నా జారింటే పొద్దున్నే మీరే ముందు సూస్తారు. ఫోన్ నంబరు రాసుకో." రాసుకున్నాను. జనవరిలో ఒక చోట గట్టు కుంగి నీరు ఊరుతుంటే ఫోన్ చేశాను. మధ్యాహ్నానికల్లా ఇసుక మూటలు వేశారు.