లా ప్రొఫెసర్‌కి నెలకు రెండు లక్షలట!

బెంగళూరు తెలుగు పేరెంట్స్ గ్రూపుల్లో ఆ ఫార్వర్డ్ మళ్లీ మొదలైంది. "ఎల్‌ఎల్‌ఎం చేసి నెట్ కొడితే లా ప్రొఫెసర్ ఉద్యోగం గ్యారంటీ. నెలకు రెండు లక్షలు. రోజుకు మూడు గంటల పని, మిగతా టైంలో కోర్టు ప్రాక్టీసు. నాలుగు నెలల సెలవులు. పదేళ్లకు డైరెక్ట్‌గా హైకోర్టు జడ్జి. వయసు అడ్డు కాదు." పంపుతున్న వాళ్లలో లాయర్లు కూడా ఉన్నారు, అదీ విడ్డూరం.

గ్యారంటీ సంగతి. నెట్ అంటే కాలేజీ లెక్చరర్ అర్హతకు పెట్టే జాతీయ స్థాయి పరీక్ష. అది ఇచ్చేది అప్లై చేసుకునే అర్హత, అంతే. అదీ రెండు పేపర్లూ రాసిన వాళ్లలో సుమారు 6 శాతం మందికి. మనవాళ్లు బోల్తా పడేది ఇంకో చోట. అలాంటి రాష్ట్ర స్థాయి పరీక్షే సెట్. ఏపీ సెట్టో, తెలంగాణ సెట్టో పాసై ఇక్కడ అప్లై చేస్తారు. ఏ రాష్ట్రం సెట్ ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది. ఇక్కడైతే నెట్ గానీ, కర్ణాటక వాళ్ల కేసెట్ గానీ ఉండాలి. అనంతపురంలో తీసుకున్న బీసీ సర్టిఫికెట్ కూడా కర్ణాటక ప్రభుత్వ పోస్టుకి పనికిరాదు, జనరల్ మెరిట్‌లోనే పోటీ పడాలి.

రెండు లక్షలు ఎక్కడివి? యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ స్కేలులో, చేరే మొదటి మెట్టయిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ది లెవెల్ 10, మొదటి బేసిక్ 57,700. 2025 జులై నాటి కేంద్రం రేట్లు వేసుకుంటే 58 శాతం డీఏ 33,466, బెంగళూరుకు 30 శాతం హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) 17,310. ఈ మూడూ కలిపితే 1,08,476, కోతలకు ముందు. ప్రొఫెసర్ బేసిక్ 1,44,200 నిజమే. కానీ పీహెచ్‌డీతో చేరి, ఒక్క ప్రమోషన్ కూడా ఆలస్యం కాకపోయినా అక్కడికి చేరడానికి నాలుగు ప్రమోషన్లకు 4, 5, 3, 3 కలిపి 15 ఏళ్లు.

ఇది స్కేలు ఇచ్చే చోట. మెసేజ్‌లో ఫొటో నాగరభావి నేషనల్ లా స్కూల్‌ది, ఉద్యోగం దొరికేది మాత్రం ఎక్కువగా ప్రైవేటు కాలేజీలో. అక్కడ ఆర్డర్ చేతికిచ్చినప్పుడు 'కన్సాలిడేటెడ్' (అన్నీ కలిపి ఒకే అంకె) అన్న మాట ఉందేమో వెతకండి. ఉంటే డీఏ లేదు, ఏటా 3 శాతం ఇంక్రిమెంటు మీద హక్కూ లేదు. చేరినరోజు అంకె మూడేళ్ల తర్వాత కూడా అదే కావచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించి వెనక్కి తీసుకోండి. ఉంచుకుంటామంటే కనీసం రసీదైనా రాయించుకోండి, లేకపోతే మానేసే రోజున నోటీసు పీరియడ్ పేరుతో పట్టుకు కూర్చుంటారు.

ఇక 'మిగతా టైంలో ప్రాక్టీసు'. మెసేజ్ మొత్తంలో కొంప ముంచేది ఈ ముక్కే. లాయర్ల నియంత్రణ సంస్థ బార్ కౌన్సిల్ 49వ రూలు ప్రకారం ఫుల్‌టైమ్ జీతం తీసుకునేవాడు ప్రాక్టీసు చేయకూడదు. 1979 నాటి లా టీచింగ్ రూల్స్ ఇచ్చిన సడలింపు ప్రాక్టీసులో ఉన్న అడ్వకేటుకు, రోజుకు మూడు గంటలు మించని పాఠాలకు. దీన్ని తిరగేసి చదివే ఘనులున్నారు: "వారానికి 16 గంటల క్లాసులు, ఆరు రోజులకు పంచితే రోజుకు 2 గంటల 40 నిమిషాలేగా!" లెక్క బాగానే ఉంది. మరి యూజీసీ అడిగే వారానికి 40 గంటల వర్క్‌లోడ్, రోజుకు కనీసం ఐదు గంటలు కాలేజీలో ఉండటం ఎవరి ఖాతాలో వేస్తారు సార్? ఢిల్లీ యూనివర్సిటీ ఫుల్‌టైమ్ లా టీచర్లు అడ్వకేట్లుగా కొనసాగడం కుదరదని ఢిల్లీ హైకోర్టు 2002లోనే తేల్చింది. చేరేముందు స్టేట్ బార్ కౌన్సిల్‌కి రాసి సనదు, అంటే ప్రాక్టీసు లైసెన్సు, సస్పెండ్ చేయించుకోవాలి. దాచిపెట్టి వకాలత్ (క్లయింటు తరఫున కేసు నడిపే పత్రం) మీద సంతకం పెడితే అడ్వకేట్స్ యాక్ట్ 35వ సెక్షన్ కింద విచారణ, రోల్ నుంచి పేరు తీసేసే దాకా వెళ్లొచ్చు. ప్రాక్టీసు వదలకుండా పాఠాలు చెప్పాలంటే గెస్ట్ ఫ్యాకల్టీ దారి ఉంది. యూజీసీ 2019లో దానికి చెప్పిన రేటు క్లాసుకు 1,500, నెలకు 50,000 మించకుండా. రెండు లక్షలు కాదు, గమనించగలరు.

హైకోర్టు జడ్జి! రాజ్యాంగం 217వ అధికరణంలో 'ప్రముఖ న్యాయకోవిదుడు' అన్న దారిని, అంటే ప్రొఫెసర్లకు పనికొచ్చేదాన్ని, 42వ సవరణ తెరిచింది, 44వ సవరణ మూసింది. ఇప్పుడు కావలసింది పదేళ్ల అడ్వకసీ, లేదా పదేళ్ల జ్యుడీషియల్ పదవి. పైన చెప్పినట్టు సనదు సస్పెండ్ చేసుకున్నవారికి ఆ పదేళ్లు ఎక్కడి నుంచి వస్తాయో ఫార్వర్డ్ చేసినవారే చెప్పాలి. సుప్రీంకోర్టుకైతే 124వ అధికరణంలో ఆ దారి ఇంకా ఉంది. ఇంతవరకు దాని గుండా ఒక్కరూ వెళ్లలేదు. మీవాడు మొదటివాడైతే సంతోషం.

'నాలుగు నెలల సెలవులు': పేపర్లు దిద్దేది, కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ కోసం ఫైళ్లు కట్టేది అప్పుడే.

'వయసు అడ్డు కాదు' అన్న చివరి లైను మాత్రం నిజం. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత కోసం నెట్ రాయడానికి వయసు పరిమితి లేదు. అదే పరీక్షతో వచ్చే రీసెర్చ్ ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌కే ఉంది. ఆ జేఆర్‌ఎఫ్ సంగతి మెసేజ్‌లో లేనే లేదు, ఉండాల్సింది. సిటీలో జూనియర్ లాయర్‌కి సీనియర్ నెలకు కనీసం ఇరవై వేలైనా ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024లో సిఫారసు చేసింది, అదీ సిఫారసే. జేఆర్‌ఎఫ్ వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000. సీనియర్ ఆఫీసులో ఫైళ్లు మోయడం కన్నా ఇదే నయమని ఎవరైనా అంటే నేను కాదనను.